విత్తనం ఎక్కడిదని అడగండి

(రాజమహేంద్రవరంలో తొలకరి రోజుల్లో మొక్కల అభిమానుల సమావేశంలో వృక్షశాస్త్ర విశ్రాంత అధ్యాపకులు ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

సభకు వచ్చిన పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

తొలకరి పడిన నాటి నుంచి నన్ను కలిసిన వాళ్ళంతా ఒకే మాట అడుగుతున్నారు. "మాస్టారూ, స్థానిక మొక్కలే నాటమని మీరు ఏళ్ళ తరబడి చెబుతున్నారు. సరే, నాటుతాం. అవి ఎక్కడ దొరుకుతాయి?" ఈ ప్రశ్నకు మన ఊళ్ళో జవాబు చెప్పడం తేలిక. ఇక్కడి నుంచి 10, 12 కిలోమీటర్లు వెళితే కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక. జాతీయ రహదారికి అటూ ఇటూ కనుచూపు మేర నర్సరీలే. గోదావరి కాలువల నీరు, ఒండ్రుమట్టి, తరాలుగా అంటు కట్టడంలో ఆరితేరిన చేతులు కలిసి ఆ ప్రాంతాన్ని దేశమంతా మొక్కల కోసం వెతుక్కుంటూ వచ్చే చోటుగా మార్చాయి. అక్కడికి వెళ్ళి కొనుక్కోండి అంటే నా ప్రసంగం ఇక్కడితో అయిపోవాలి. కానీ అక్కడికి వెళ్ళాక మీరు ఏమి అడగాలో, ఇంటికి తెచ్చాక ఏమి చూసుకోవాలో చెప్పకుండా పంపిస్తే మీకూ, మీరు నాటబోయే నేలకూ అన్యాయం చేసిన వాణ్ణవుతాను. ఈ సాయంత్రం నేను మాట్లాడేది ఆ అడగవలసిన మాట గురించే.

ముందు స్థానికం అనే మాటను కొంచెం విప్పి చూద్దాం. శివాలయాల్లో నాగలింగ పుష్పం చూసి మనం చేతులు జోడిస్తాం. ఆ చెట్టు దక్షిణ అమెరికా నుంచి వచ్చింది. దేవగన్నేరు పేరులోనే దేవుడున్నాడు, పుట్టిల్లు మాత్రం మధ్య అమెరికా ప్రాంతం. గుమ్మాలకు కట్టే బంతిపూల మూలం మెక్సికో. చింత ఎంతో పూర్వం ఆఫ్రికా నుంచి వచ్చి మన పప్పులోకీ పులుసులోకీ చేరిపోయింది. వీటిని పెరికి పారేయమని నేను ఎన్నడూ చెప్పను. పేరులో తెలుగుదనం, పూజలో స్థానం ఉన్నంత మాత్రాన ఒక చెట్టు ఈ నేలలో పుట్టినది కాదని మాత్రమే చెబుతున్నాను. రెండో వైపు నుంచి కూడా చూడాలి. ఎర్రచందనం అచ్చంగా మన చెట్టు. శేషాచలం, వెలికొండ, లంకమల, పాలకొండ కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా పెద్ద ఎత్తున సహజంగా పెరగదు. అయినా అది గోదావరి గట్టు చెట్టు కాదు. రాళ్ళ నేలలో, తక్కువ వానలో బతకడానికి అలవాటు పడిన ఆ చెట్టును నీరు నిలిచే డెల్టా నేలలో పాతిపెట్టి, స్థానిక చెట్టు నాటామని తృప్తి పడితే ఏమి లాభం? ఏటిగట్టున ఏరుమద్ది, కాలువగట్టున కానుగ, సముద్రపు ఇసుకలో పొన్న, పాపికొండల వాలులో ఏగిస, కోరంగిలో మడ. మన గోదావరి ప్రాంతంలోనే ఒక్కో మూల ఒక్కో రకమైన స్థానికత ఉంది. కాబట్టి స్థానికం అన్నప్పుడు రాష్ట్రం సరిహద్దును కాకుండా నేలనూ, నీటినీ చూడండి.

ఇప్పుడు నర్సరీల వల్ల కలిగే మేలు చెబుతాను. కీడు గురించి ఎక్కువసేపు మాట్లాడబోతున్నాను కాబట్టి మేలును ముందే మనసారా చెప్పడం నా ధర్మం.

నర్సరీలో మొక్క దొరకకపోతే మొక్క మీద ఇష్టం ఉన్న మనిషి ఏమి చేస్తాడు? అడవికి వెళ్ళి తవ్వుకొస్తాడు. పేరీత అని స్థానికులు పిలిచే, చూడడానికి ఈతచెట్టులా ఉండే ఒక సైకస్ మొక్క ఉంది. శాస్త్రజ్ఞులు దానికి సైకస్ బెడ్డోమై అని పేరు పెట్టారు. తిరుమల చుట్టుపక్కల శేషాచలం కొండల్లో తప్ప అది ఇంకెక్కడా సహజంగా పెరగదు. మందుల కోసం దాని మగ శంకువులను, అంటే పూలకు బదులుగా పుప్పొడినిచ్చే భాగాలను, కోసుకుపోవడం, అడవి మంటలు, తవ్వకాలు కలిసి దాన్ని ఎంత దుస్థితికి తెచ్చాయంటే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పేరు పెట్టి రక్షించిన కొద్దిపాటి మొక్కల్లో అది ఒకటిగా చేరింది. అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం కూడా దాన్ని అత్యంత కఠినమైన మొదటి జాబితాలో ఉంచింది. ఇలాంటి కథలు విన్నప్పుడల్లా నాకు నర్సరీల మీద గౌరవం పెరుగుతుంది. గింజ నుంచి పెంచిన మొక్క ఒకటి సంచిలో దొరికిందంటే అడవిలో గుంత ఒకటి తప్పిందని అర్థం.

రెండో మేలు పనితనం. ఎంతో మంది వేప గింజలు ఎండబెట్టి డబ్బాలో దాచి, మరుసటి ఏడు చల్లి, ఒక్కటీ మొలవలేదని నాతో చెప్పుకున్నారు. వేప గింజ ప్రాణం కొద్ది వారాలే. పండు రాలిన వెంటనే గుజ్జు కడిగి నాటుకోవాలి. రేల గింజ దీనికి పూర్తిగా విరుద్ధం. దాని పెంకు రాయిలా ఉంటుంది, వేడినీళ్ళలో వేసో, అంచు అరగదీసో లోపలికి తేమ వెళ్ళే దారి చేయకపోతే నెలల తరబడి మట్టిలో అలాగే పడి ఉంటుంది. ఇక శ్రీగంధం సంగతి చూడండి. ఆ చెట్టు తన వేళ్ళతో పక్క మొక్క వేళ్ళను పట్టుకుని వాటి నుంచి నీరు, పోషకాలు తీసుకుంటుంది. ఒంటరిగా పెంచితే పసుపు రంగుకు తిరిగి గిడసబారిపోతుంది. అందుకే తెలిసిన నర్సరీవాళ్ళు గంధం మొక్క ఉన్న సంచిలోనే ఒక పొన్నగంటి కొమ్మ గుచ్చి ఇస్తారు. కొన్నవాళ్ళు కలుపు అనుకుని దాన్ని పీకి పారేయడం నేను కళ్ళారా చూశాను. ఒకసారి ఒక తోటలో ఇరవై మొక్కల పక్కన పొన్నగంటిని శుభ్రంగా పీకి, ఆ కూర వండుకుని, మూడు నెలల తరువాత గంధం మొక్కలు ఎందుకు చచ్చిపోయాయని నన్ను పిలిపించారు. సంచిలో ఆ కొమ్మ గుచ్చిన మనిషికి ఎంత తెలివి ఉందో, ఆ తెలివిని మాటతో అందించకపోతే అది ఎలా వృథా అవుతుందో ఆ రోజు నాకు అర్థమైంది. నర్సరీకి వెళ్ళినప్పుడు మొక్కతో పాటు నాలుగు మాటలు కూడా అడిగి తెచ్చుకోండి. మొక్కలు మోసే అమ్మలకు కూడా చాలా తెలుసు. యజమానినే కాదు, వాళ్ళనూ అడగండి.

ఇక ప్రమాదాల సంగతికి వద్దాం. మొదటిది పేరు. మన వీధుల్లో పొడవుగా, కొమ్మలు కిందికి వాలుతూ పెరిగే చెట్టును అందరూ అశోకం అంటారు. దాని అసలు పేరు నరమామిడి. సీతాశోకం వేరు. అది గుబురుగా, నారింజ నుంచి ఎరుపుకు తిరిగే పూలగుత్తులతో ఉంటుంది. మందుల్లో వాడే బెరడు దానిదే. ఆ బెరడు కోసమే అడవుల్లో దాన్ని ఒలిచి ఒలిచి తగ్గించేశారు. బజారులో నరమామిడి బెరడును దాని పేరు మీద కలిపి అమ్మడం కూడా ఉంది. నేను ఒక నర్సరీలో సీతాశోకం కావాలని అడిగి, మామూలు కంటే ఎక్కువ ధర ఇచ్చి తెచ్చి, మా పెరట్లో నాటాను. ఆరేళ్ళు నీళ్ళు పోశాను. ఆరో ఏట పూసింది, పెద్ద పెద్ద పసుపు గుత్తులు. అది మలయా ప్రాంతపు సరాకా, మన సీతాశోకం ప్రజాతికే చెందిన వేరే జాతి చెట్టు. చెట్టు అందంగానే ఉంది, కొట్టెయ్యలేదు. కానీ ఆరేళ్ళ కాలాన్ని ఎవరు తిరిగి ఇస్తారు? నాకు అమ్మినాయన మోసం చేశాడని నేను అనుకోవడం లేదు. ఆయనకు వేరే ఊరి నుంచి ఆ పేరుతోనే వచ్చింది, ఆయన ఆ పేరుతోనే అమ్మాడు. లేత మొక్కల్లో ఆకును చూసి తేడా పట్టడం తేలిక కాదు. అందుకే తెలుగు పేరుతో పాటు శాస్త్రీయ నామం కూడా బిల్లు మీద రాయించుకోండి. రాయమన్నప్పుడు ఆయన ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే, ఆ ఆగడంలోనే మీకు సగం సంగతి తెలుస్తుంది.

రెండోది, నా దృష్టిలో అన్నింటికంటే పెద్దది, విత్తనం పుట్టుక. పేరు సరిగ్గానే ఉండవచ్చు. కానుగ కానుగే, మద్ది మద్దే. కానీ ఆ గింజ ఎక్కడి చెట్టుది? కడప జిల్లా మెట్టలో ఎన్నో తరాలుగా ఎండకు తట్టుకున్న వేపకూ, కోనసీమ తేమలో పెరిగిన వేపకూ పైకి తేడా కనిపించకపోవచ్చు. ఏ నెలలో చిగురించాలి, ఎంత కరువు ఓర్చుకోవాలి అనేవి మాత్రం ఆ గింజ తన తల్లి నుంచి తెచ్చుకుంటుంది. వ్యాపారానికి పెంచేటప్పుడు గింజలు ఏరే మనిషి సహజంగానే దగ్గరలో బాగా కాసిన ఒక చెట్టు కిందికి వెళ్ళి ఒక గోనెసంచి నింపుకుంటాడు. ఆ సంచిలోని వేల గింజలు ఒక తల్లి బిడ్డలే. వాటిని తెచ్చి ఒక చెరువుగట్టు నిండా నాటామనుకోండి. ఆ గట్టు మీద ఉన్నవన్నీ తోబుట్టువులే. రేపు వాటిలో వాటికే పరాగ సంపర్కం జరిగి కాసిన గింజల్లో బలం తగ్గుతుంది. ఒక చెట్టును పట్టిన తెగులు అన్నింటినీ పట్టే అవకాశం పెరుగుతుంది. అడవుల పెంపకంలో అనుభవం ఉన్నవాళ్ళు ఒకదానికొకటి దూరంగా ఉన్న పాతిక, ముప్ఫై తల్లి చెట్ల నుంచి కొంచెం కొంచెం గింజ తీసి కలపాలని చెబుతారు. అందులో పెద్ద ఖర్చేమీ లేదు, కాలికి కాస్త శ్రమ తప్ప. కానీ అడిగేవాడు లేనప్పుడు ఆ శ్రమ ఎవరు పడతారు?

అడగకపోతే ఏమవుతుందో చెప్పడానికి రెండు ఉదాహరణలు చాలు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నంలో ఎన్నో చెట్లను పడగొట్టింది. ఆ తరువాత పచ్చదనం తిరిగి తేవాలని నాటిన వాటిలో ఏడాకులపాల పెద్ద సంఖ్యలో ఉంది. ఆ చెట్టు ముమ్మాటికీ మన దేశపు చెట్టే. అడవిలో అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్నప్పుడు దాని పూల వాసన రాత్రిపూట గాలిలో తేలిపోతుంది. కానీ వీధి వీధినా వరుసలుగా నాటేసరికి శీతాకాలం మొదట్లో అన్నీ ఒకేసారి పూసి, ఘాటు భరించలేక, తలనొప్పి, ఆయాసం అంటూ జనం ఫిర్యాదులు చేశారు. తప్పు చెట్టుది కాదు. తొందరగా పెరిగేది, నర్సరీల్లో వేలల్లో సిద్ధంగా ఉన్నది ఒకటి దొరికింది. దాన్నే కొని నాటేశారు. రెండోది కోనోకార్పస్. అది ఆఫ్రికా కొమ్ము ప్రాంతపు మొక్క, ఇక్కడిది కాదు. నీళ్ళు లేకపోయినా, మేకలు తినకుండా, గోడలా పెరుగుతుందని రోడ్ల మధ్యన నాటించారు. 2015లో మొదలైన తెలంగాణకు హరితహారంలోనూ విరివిగా వాడారు. తరువాత తెలంగాణ ప్రభుత్వం నర్సరీల్లో దాన్ని పెంచవద్దని చెప్పింది, గుజరాత్ 2023లో నిషేధించింది. మధ్యలో నష్టపోయింది ఎవరు? అడిగారు కదా అని లక్షల మొక్కలు పెంచి పెట్టుకున్న నర్సరీ రైతు కూడా నష్టపోయాడు. మనం ఏది అడిగితే నర్సరీ అదే పెంచుతుంది. ఏడాది ముందు అడగకపోతే ఈ రోజు మద్ది మొక్క మీకు తగిన ఎత్తులో దొరకదు. అందుకే పెద్ద ఎత్తున నాటాలనుకునే పంచాయతీలు, పాఠశాలలు, అపార్టుమెంటు సంఘాలు ఒక ఏడాది ముందే నర్సరీకి వెళ్ళి, ఫలానా చెట్లు, ఫలానా ప్రాంతపు గింజతో కావాలని చెప్పి, కొంత బయానా ఇచ్చి పెంచించుకోవడం ఒక్కటే సరైన మార్గమని నేను గట్టిగా నమ్ముతాను.

మూడోది, మొక్కతో పాటు సంచిలో వచ్చే చుట్టాలు. కొబ్బరి రైతులు ఈ సభలో ఎందరో ఉన్నారు కాబట్టి సర్పిలాకార తెల్లదోమ గురించి నేను వివరించనక్కరలేదు. మధ్య అమెరికా ప్రాంతం నుంచి వచ్చిన ఆ పురుగును మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర గుర్తించారు. కొద్ది కాలంలోనే గోదావరి జిల్లాల కొబ్బరి మట్టల అడుగున తెల్లని చుట్టలు, పైన మసి పూసినట్టు నల్లని బూజు కనిపించసాగాయి. ఇలాంటి పురుగు తనంతట తాను వందల మైళ్ళు ఎగిరి రాలేదు. ఆకుల అడుగున గుడ్లతో ఉన్న మొక్కలు లారీ ఎక్కి తిరిగినప్పుడు అదీ తిరిగింది. కొబ్బరి మాత్రమే కాదు, జామ, అరటి, అలంకార మొక్కలు ఎన్నో దానికి ఆతిథ్యం ఇస్తాయి. జామ తోటల్ని పీడిస్తున్న వేరుముడి నులిపురుగు సంగతీ అంతే. అంటుమొక్క వేళ్ళలో, సంచి మట్టిలో దాగి తోట నుంచి తోటకు చేరుతుంది. ఒకసారి నేలలోకి దిగాక దాన్ని వదిలించుకోవడం దాదాపు అసాధ్యం. ఆఫ్రికా నత్త గుడ్లు, వయ్యారిభామ గింజలు, తుంగ దుంపలు కూడా ఆ మట్టిలోనే ప్రయాణం చేస్తాయి. మీరు నాటేది స్థానిక మొక్క అయినా దానితో దిగేవి విదేశీ చుట్టాలు కావచ్చు. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొత్తగా తెచ్చిన మొక్క ఏదైనా మూడు వారాల పాటు తోటకు దూరంగా, సిమెంటు గచ్చు మీద ఉంటుంది. రోజూ ఆకు తిప్పి అడుగు చూస్తాం. సంచిలో మొలిచిన ప్రతి కలుపునూ అక్కడే వేరుతో పీకేస్తాం. మొక్కకు నీడ, నీరు అందితే ఆ మూడు వారాల్లో దానికి ఏ కష్టమూ ఉండదు.

నాలుగోది, ఆకులో మిగిలిపోయే పురుగుమందు, కంటికి కనిపించదు. సీతాకోకచిలుకల కోసం మొక్కలు పెంచేవాళ్ళు ఇప్పుడు మన ఊళ్ళల్లో కూడా ఎక్కువయ్యారు, సంతోషం. 2022లో అమెరికాలో ఒక పరిశోధన వెలువడింది. అక్కడ మోనార్క్ సీతాకోకచిలుకల కోసం జనం మిల్క్‌వీడ్ అనే స్థానిక మొక్కను నర్సరీల్లో కొని నాటుతారు. అది మన జిల్లేడు కుటుంబానికే చెందిన మొక్క. దేశవ్యాప్తంగా 33 నర్సరీల నుంచి 235 మొక్కల ఆకులు పరీక్షిస్తే 61 రకాల పురుగుమందుల, తెగుళ్ళ మందుల అవశేషాలు బయటపడ్డాయి. సగటున ఒక్కో మొక్కలో 12 రకాలు. గొంగళిపురుగు తినడానికి ప్రేమతో నాటిన ఆకులోనే అవి ఉన్నాయి. మన దగ్గర ఇలాంటి లెక్క తీస్తే ఎలా ఉంటుందో ఊహించే పని నేను చేయను. నేను చూసినది మాత్రం చెబుతాను. ఒక వేసవిలో నిగనిగలాడే కరివేపాకు మొక్క తెచ్చాను, ఒక్క ఆకుకూ చిల్లు లేదు. పది రోజుల్లో నిమ్మ సీతాకోకచిలుక వచ్చి చిగుళ్ళ మీద ముత్యాల్లాంటి గుడ్లు పెట్టింది. గుడ్లు పొదిగాయి. పక్షి రెట్టలా కనిపించే చిన్న పురుగులు బయటికి వచ్చాయి. మరునాటికి అన్నీ ఆకు అంచులకు వేలాడుతూ నల్లబడి ఉన్నాయి. పక్కనే గింజ నుంచి పెంచిన పాత కరివేపాకు మీద అదే వారంలో పుట్టినవి పచ్చగా లావెక్కి గూడు కట్టుకున్నాయి. ఇమిడాక్లోప్రిడ్ వంటి అంతర్వాహిక మందులు వేరు నుంచి ఆకుకు, ఆకు నుంచి పువ్వులోని తేనెకు చేరతాయి. కడిగితే పోవు. గట్టి కాండం ఉన్న మొక్కల్లో నెలల తరబడి నిలిచి ఉంటాయి. చిల్లు లేని ఆకును మనమే కోరుకుంటాం, చిల్లు ఉన్న మొక్కను పక్కన పెట్టేస్తాం. అందుకే నర్సరీ రైతు మందు కొడతాడు. సీతాకోకచిలుకలకు మొక్క కావాలనుకున్నప్పుడు కాస్త కొరికిన ఆకు ఉన్న మొక్కనే ఏరి తెచ్చుకోండి, ఏ మందు ఎప్పుడు కొట్టారో అడగండి. మందు కొట్టని మొక్కలు నాలుగు విడిగా పెంచి ఇవ్వగలరా అని కూడా అడగండి. ఒకరు అడిగితే నవ్వుతారు, పదిమంది అడిగితే పెంచుతారు.

ఇక చివరి ప్రమాదం సంచి లోపల వేరుకు, మట్టికి సంబంధించినది, దాన్ని మీ ముందే చూపిస్తాను. ఈ బల్ల మీద ఉన్నది నిన్న సాయంత్రం నేను కొన్న కానుగ మొక్క. మూడడుగుల ఎత్తు ఉంది, ఆకు నిండుగా ఉంది, ఎవరైనా మంచి మొక్క అనే అంటారు. ఇప్పుడు ఈ సంచిని బ్లేడుతో పైనుంచి కిందికి కోస్తున్నాను. ముందు వరుసలోని వాళ్ళు లేచి వచ్చి చూడవచ్చు. మట్టి కంటే వేరు ఎక్కువ కనిపిస్తోంది కదా. ఇదిగో, తల్లివేరు సంచి అడుగుకు తగిలి, దారి లేక, పక్కకు తిరిగి రెండు చుట్లు చుట్టుకుంది. నా చిటికెన వేలి లావుంది. దీన్ని ఇలాగే గుంతలో దింపితే ఆకు వేస్తుంది, పూస్తుంది, పదేళ్ళు బాగానే నిలబడుతుంది. కానీ కాండం లావెక్కే కొద్దీ ఈ చుట్ట దాని గొంతుకే ఉరి అవుతుంది. లోతుకు దిగిన వేరు లేదు కాబట్టి ఒక పెద్ద గాలికి మొదలంటా ఒరిగిపోతుంది. తుఫాను తరువాత పడిన చెట్ల మొదళ్ళు చూస్తూ నడిస్తే ఈ చుట్టలు చాలా చోట్ల కనిపిస్తాయి. అందుకే నేను పొడవైన మొక్క కొనను. అడుగు, అడుగున్నర ఎత్తున్న, సంచిలో ఏడాదికి మించి ఉండని మొక్క కొంటాను. మూడేళ్ళలో అది పొడవైన దాన్ని దాటిపోతుంది. ముఖ్యంగా మోదుగ, ఇప్ప వంటి లోతు వేరు చెట్లకు వీలైతే గింజనే నేలలో నాటండి.

మట్టి కూడా చూడండి. మన డెల్టా నల్లటి బంకమట్టి ఇది. తడిగా ఉన్నప్పుడు వెన్నలా ఉంటుంది, లారీలో ఎంత కుదిపినా గడ్డ చెదరదు. అందుకే నర్సరీలకు ఇది ప్రాణం. కానీ ఈ గడ్డను తీసుకెళ్ళి నల్గొండ ఎర్రచల్కలోనో, బాపట్ల ఇసుకలోనో పెడితే, చుట్టూ ఉన్న నేల ఆరిపోయి ఈ గడ్డ ఇటుకలా బిగుసుకుంటుంది. పోసిన నీరు పక్కనుంచి జారిపోతుంది. వేరు ఆ ఇటుకను చీల్చుకుని బయటకు రాలేదు. దూర ప్రాంతాల్లో ఉన్న మీ బంధువులకు మొక్కలు పంపేటప్పుడు ఈ మాట తప్పకుండా చెప్పండి. నాటే ముందు గడ్డను బకెట్ నీళ్ళలో నానబెట్టి, బయటి వరుస మట్టిని చేత్తో మెల్లగా రాల్చి, అక్కడి మట్టితో కలిపి నాటాలి. ఈ పని వానాకాలంలో మబ్బు పట్టిన సాయంత్రం మాత్రమే చేయాలి.

చట్టం గురించి ఒక్క మాట. ఉద్యాన నర్సరీల నమోదు, నియంత్రణకు 2010లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. మొదట్లో దాని చూపు ప్రధానంగా పండ్ల మొక్కల మీద ఉండేది. మామిడి అంటుకు తల్లి చెట్టు ఏదో చెప్పమని మనం అడగగలుగుతున్నాం కానీ మద్దికి, నేరేడుకు, రేలకు అడిగే అలవాటు ఇంకా రాలేదు. ఎర్రచందనం, శ్రీగంధం కొనేవాళ్ళు నర్సరీ బిల్లును భద్రంగా దాచుకోవాలి. మీ స్థలంలో మీరు పెంచినా, రేపు నరకడానికీ తరలించడానికీ అటవీశాఖ అనుమతి కావాలి. అప్పుడు ఆ మొక్క ఎక్కడిదో చూపించే మొదటి కాగితం ఆ బిల్లే.

మన దగ్గరే ఒక చిన్న నర్సరీ ఉంది. దాని యజమాని యువకుడు. మూడేళ్ళ క్రితం అతన్ని ఏరుమద్ది గింజ ఎక్కడిది బాబూ అని అడిగితే, "అంత ఎవరు చూస్తారు మాస్టారూ, సంచి లెక్కన కొంటాం" అన్నాడు. నేను ప్రతి తొలకరికీ వెళ్ళి అదే ప్రశ్న అడుగుతూ వచ్చాను. నాతో వచ్చిన వాళ్ళూ అడిగారు. కిందటి ఏడు వెళ్ళేసరికి మడి చివర వెదురు బద్దకు ఒక రేకు ముక్క కట్టి ఉంది. దాని మీద పెయింటుతో ఏరుమద్ది, గింజ ఏరిన వాగు పేరు, ఏరిన నెల, ఎన్ని చెట్ల కింద ఏరారో రాసి ఉంది. పద్దెనిమిది చెట్లు. ఆ మడిలోని మొక్కలు ఒకే ఎత్తులో లేవు. కొన్ని పొట్టిగా, కొన్ని పొడుగ్గా, చిగురు రంగులో కూడా తేడాలతో ఉన్నాయి. ఎత్తుపల్లాలుగా ఉన్నాయని కొనేవాళ్ళు పెదవి విరుస్తున్నారని అతను దిగులుపడ్డాడు. నేను ఆ మడిలోంచి నలభై మొక్కలు ఏరకుండా వరుసగా తీసుకున్నాను.

ఈ కానుగ మొక్కను వృథా పోనివ్వను. చుట్టుకున్న వేరును వంపు దగ్గర పదును కత్తితో కోసేశాను, పక్క వేళ్ళను విడదీసి తడి గోనెలో చుట్టి బకెట్లో పెట్టాను. పైన మూడో వంతు ఆకు కూడా తగ్గించాను కాబట్టి తట్టుకుంటుంది. కొన్నప్పుడు దీని గింజ ఎక్కడిదని అడిగాను. ధవళేశ్వరం వైపు కాలువగట్టున పాత చెట్ల కింద ఏరామని చెప్పారు. ఆ గట్టుకు దగ్గరలో స్థలం ఉన్నవాళ్ళు ఎవరైనా ముందుకు వచ్చి తీసుకెళ్ళండి; చీకటి పడేలోగా నాటాలి.